బండి టైరు పేలితే

ఇప్పుడు చాలా ఇళ్లలో మోటారు బండి ఉంది. ఆడవాళ్లమూ నడుపుతున్నాం. సంతకు, ఆసుపత్రికి బండి మీదే పోతున్నాం. మరి దారిలో టైరు ఢామ్మని పేలితే ఏం చేయాలి?

ముందు టైరు పోతే హ్యాండిలు బరువెక్కుతుంది. వెనక టైరు పోతే బండి వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. భయంతో వెంటనే బ్రేకు నొక్కేస్తాం. అదే ప్రమాదం! గట్టిగా బ్రేకు వేస్తే బండి జారి పడిపోతుంది.

నడిపేవారు ఇలా చేయాలి:

1. రెండు చేతులతో హ్యాండిలు గట్టిగా పట్టుకోవాలి. బండిని తిన్నగా పోనివ్వాలి.
2. ఎక్సలేటరు మెల్లగా వదలాలి. వేగం దానంతట అదే తగ్గుతుంది.
3. వేగం తగ్గాక, బాగున్న చక్రం బ్రేకు మెల్లగా వేయాలి.
4. వెనక వచ్చే బండ్లను చూసుకుని, ఎడమ పక్కకు తీసి ఆపాలి.

వెనక కూర్చున్నవారు కదలకూడదు. దూకకూడదు. నడిపేవారి భుజాలు లాగకూడదు. చీర కొంగు ముందే దోపుకోవాలి.

టైరు ఎందుకు పేలుతుంది? గాలి తక్కువైతే టైరు నలిగి వేడెక్కుతుంది. బరువు ఎక్కువైనా అంతే. టైరు మీది గీతలు అరిగి నున్నగా అయితే మేకులు తొందరగా దిగుతాయి. అందుకే వారానికి ఒకసారి గాలి చూపించాలి. అరిగిన టైరు మార్చాలి.

2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలి. వెనక కూర్చున్నా సరే, తల మనదే కదా!

చెప్పండి:

1. టైరు పేలగానే గట్టిగా బ్రేకు ఎందుకు వేయకూడదు?
2. మీ ఇంటి బండికి గాలి ఎప్పుడు కొట్టించారు?