నంది చెవిలో మనము చెప్పునది, నంది మనకు చెప్పునది



భవానీపురము నుండి కృష్ణ యొడ్డు వెంబడి తూర్పుగా నడచినచో ఇంద్రకీలాద్రి ఎదురగును. ఆ కొండపై మల్లేశ్వరుని సన్నిధియైనను, నదికి ఎగువన అమరావతిలో అమరేశ్వరుని సన్నిధియైనను, మరి ఏ యూరి శివాలయమైనను, ఒక దృశ్యము తప్పక కానవచ్చును. భక్తుడు నంది యొద్దకు వంగి, ఒక చేతితో తన నోటిని మరుగుపరచుకొని, ఆ రాతి చెవిలో తన కోరికను మెల్లగా చెప్పును. పిల్లవాని చదువు, కోడలి కానుపు, పొలము తగవు, తీరని అప్పు, అన్నియు ఆ చెవిలోనికే పోవును.

మూగజీవి మనకు దారి చూపునను నమ్మకము మన జాతిలో మిక్కిలి పాతది. ఈ పాఠములో ఆ నమ్మకమును రెండు విధముల పరిశీలింతము. జీవుల నుండి మనము నేర్వదగినది ఏమి? జీవులను అడుగరానిది ఏమి? ఈ రెంటికిని నడుమ గీత ఎచ్చట నున్నదో తెలిసికొనుట బసవన్న పేరు చెప్పుకొను మనకు మిక్కిలి అవసరము.

1. మన గురువు పేరే ఎద్దు పేరు

సంస్కృతమున వృషభ మనునది కన్నడమున బసవ అయినది. తెలుగునాట ఎద్దును బసవన్న యని ముద్దుగా పిలుచుట నేటికిని కలదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున, భూలోకమున భక్తి సన్నగిల్లినదని నారదుడు విన్నవింపగా శివుడు నందినే పంపెనని కథ. బాగెవాడిలో మాదాంబ నందికేశ్వరుని కొలిచి బసవన్నను కనెను. ఆ సోమనాథుడే బసవన్నపై చెప్పిన శతకమునకు వృషాధిప శతకమని పేరు.

ఇంత పెద్ద గురువునకు సింహమనియో, గరుడుడనియో గాక ఎద్దని పేరేల? ఎద్దు మోయును, దున్నును, నూర్చును. తాను పండించిన ధాన్యము యజమాని గాదెకు పోగా, తాను గడ్డి తిని తృప్తి పడును. మన పంచాచారములలో భృత్యాచారమని యొకటి కలదు. తాను సేవకుడనను భావముతో శివభక్తులయెడ అణకువతో మెలగుట దాని సారము. కాయకమును దాసోహమును ఒక్క శరీరమున చూడవలెనన్న, కాడి క్రింద నడచు ఎద్దును చూచిన చాలును.

నంది నేర్పు మరియొక పాఠము అతని చూపులో నున్నది. లేపాక్షిలోని ఏకశిలా నంది దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గలది. అంతటి విగ్రహమైనను తన వంక చూడుమని మనలను పిలువదు. అది తల యెత్తి గుడి వైపే చూచుచుండును. శివాలయములలో నంది కొమ్ములపై వ్రేళ్లుంచి, ఆ నడుమనుండి లింగమును చూచుటను శృంగదర్శన మందురు. నందిని చూచుట గాక, నంది చూచు దానిని చూచుట అందలి యర్థము. ఇష్టలింగధారులమైన మనకు ఆ లింగము అరచేతిలోనే యున్నది. దృష్టి అచ్చట నిలుపుమని నంది చెప్పుచున్నాడు. అతడు చెప్పు మొదటి మాట అదియే.

2. గంగిరెద్దు తల యూపు

సంక్రాంతి వచ్చినచో మన వీధులలో సన్నాయి వినబడును. రంగుబట్టలు, మువ్వలు, గవ్వల పేరులు ధరించిన గంగిరెద్దు గడప ముందు నిలుచును. ఆడించువాడు దండము పెట్టుమనిన పెట్టును. “ఈ అమ్మకు శుభము కలుగునా బసవన్నా?” యని యడిగిన తల యూపును. ఇల్లాలు సంతోషించి చేటలో బియ్యము, పాత చీర తెచ్చి యిచ్చును. ఇది కన్నుల పండువైన కళ. తరతరములుగా ఈ కళపై బ్రతుకు కుటుంబములు మన రాష్ట్రమున కలవు. వారిని రిక్తహస్తములతో పంపుట మన ధర్మము కాదు.

అయినను ఆ తల యూపు దేవుని మాట యని నమ్మి కార్యములు నిర్ణయించుకొనువారును కలరు. సంబంధము ఖాయము చేయవచ్చునా, పొలము అమ్మవచ్చునా యని యడుగుదురు. ఎద్దు యజమాని గొంతును, త్రాటి కదలికను ఎరిగి తల యూపును. ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. అందుచేతనే, తనకంటూ ఆలోచన లేక ప్రతి మాటకు సరేయను వానిని గంగిరెద్దువలె తల యూపుచున్నాడని వారు ఎత్తిపొడిచిరి. కళకు కానుక యిండు. నిర్ణయము మాత్రము మీ బుద్ధిలోను, గురువు సన్నిధిలోను జరుగవలెను.

3. పంజరములోని శకునము

బల్లి పడిన ఫలము, పిల్లి ఎదురైన దోషము, కాకి కూసిన చుట్టమువచ్చునను మాట, ఇవన్నియు మన యిండ్లలో వినుచున్నవే. వీనిలో కొన్ని హాని లేని వేడుకలు. కాని శకునము కొరకు జీవిని బాధించునపుడు అది వేడుక కాదు.

విజయదశమి నాడు పాలపిట్టను చూచుట శుభమని తెలుగువారి నమ్మకము. పూర్వము జమ్మిచెట్టుకు పోవు దారిలో, ఊరి వెలుపలి పొలములలో ఆ పక్షి తనంతట ఎగురుచు కనబడెడిది. పురుగులను తిని పైరుకు మేలు చేయు పక్షి యది. నేడు పట్టణములలో కొందరు దానిని వల వేసి పట్టి, కాళ్లు కట్టి, పంజరములో బెట్టి ఇంటింటికి తెచ్చి చూపి డబ్బు పుచ్చుకొందురు. ఆ పక్షులలో ఎన్నో పండుగ దాటకయే చచ్చును. జోస్యపు చిలుకయు అంతియే. రెక్కలు కత్తిరించిన ఆ చిలుక మన భవిష్యత్తు కొరకు చీటి తీయదు, గింజ కొరకు తీయును. తన రేపటి దినమునే ఎరుగని ఆ బందీని మన రేపటిని గూర్చి యడుగుచున్నాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ పక్షులను పట్టి బంధించుటను నిషేధించినది. చట్టము మాట యటుంచి, ఒక ప్రాణి దుఃఖమునుండి మన యింటికి శుభము ఎట్లు వచ్చునో ప్రతి గృహస్థుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

4. పుట్టలో పాలు, గట్టుపై కర్ర

బసవన్న తన వచనములలో, రాతి నాగునకు పాలు పోసి నిజమైన నాగును చంపువారి నడతను ఎత్తి చూపెను. ఈ మాట మన కృష్ణా డెల్టాకు మిక్కిలి దగ్గరిది. నాగులచవితికి పుట్ట పూజింతుము. కార్తికము దాటకమున్నే గట్టుపై కనబడిన జెర్రిపోతును కర్రతో కొట్టి చంపుదుము. జెర్రిపోతునకు విషము లేదు. అది వరిచేలను పాడుచేయు ఎలుకలను తిని రైతునకు కూలి యడుగని కావలివాడై యుండును.

2018 వ సంవత్సరము ఆగస్టు నెలలో దివిసీమ ప్రాంతమున పాముకాట్లు అధికమై జనులు భీతిల్లినపుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిలో సర్పశాంతి యాగము జరిగినది. భయపడిన ప్రజలు దైవమును తలచుటలో తప్పు లేదు. అయితే వానలకు కలుగులలో నీరు నిండినపుడు పాము గట్టెక్కును. అది కోపముచేత గాదు, మనవలెనే ప్రాణము కాపాడుకొనుటకు. ఆ కాలమున చేనికి పోవువారు దీపము చేత బట్టి, కాళ్లకు మందమైన జోళ్లు తొడిగి పోవలెను. కాటు పడినచో కోయుట, పీల్చుట, గట్టిగా కట్టు కట్టుట, మంత్రగాని కొరకు ప్రాకులాడుట మాని, కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

అచ్చట ఇచ్చు విరుగుడు మందు ఎట్లు వచ్చుచున్నదో ఎరుగుదురా? పాము విషమును కొద్దికొద్దిగా గుర్రమునకు ఎక్కించి, దాని రక్తమున పుట్టిన ప్రతిశక్తినుండి ఆ మందును తీయుదురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాట్లనుండి బ్రతికి బయటపడిన రైతులెందరో తామెన్నడును చూడని గుర్రమునకు ఋణపడియున్నారు. మనము పిలువకయే ఒక జీవి మనకు తోడైన దానికి ఇంతకంటె నిదర్శనము వేరేల?

5. మూడు జీవుల భక్తి

శ్రీకాళహస్తి కథ మన పిల్లలందరికి తెలిసినదే. శ్రీ యనిన సాలెపురుగు, కాళమనిన పాము, హస్తి యనిన ఏనుగు. సాలెపురుగు తన దారముతో శివునకు గుడి అల్లినది. పాము మణులు తెచ్చి యలంకరించినది. ఏనుగు తొండముతో నీరు తెచ్చి అభిషేకించి పత్రి పెట్టినది. ధూర్జటి ఈ గాథను శ్రీకాళహస్తి మాహాత్మ్యమున కావ్యముగా చేసెను.

ఇందు ఏ జీవియు తనకు లేనిదానిని తేలేదు. ఎవరి కాయకము వారిదే, అర్పణము మాత్రము ఒక్కనికే. అయితే కథలో రెండవ భాగమును మనము తొందరగా దాటిపోవుదుము. ఏనుగు మణులను చెత్తయని తోసివేసినది. పాము ఆ పత్రిని అపచారమని తలచి తొండములో దూరినది. ఇరువురును శివుని కొరకే పోరి చచ్చిరి. శివుడు దయామయుడు గనుక ముక్తి నిచ్చెను. కాని మన యిండ్లలో, మఠములలో పూజావిధానమును గూర్చి అన్నదమ్ములు మాటలాడుకొనుట మానినపుడు ఆ పామును, ఆ ఏనుగును స్మరింపవలెను.

హావినహాళ కల్లయ్య కుక్కచేత వేదము పలికించిన కథయు మన సంప్రదాయమున ప్రసిద్ధమే. అది మహిమను చాటుటకు మాత్రమే పుట్టినది కాదు. ఏ ప్రాణిని నీచమని త్రోసిపుచ్చుదుమో ఆ ప్రాణిలోను శివుడే యున్నాడని దాని తాత్పర్యము. ఒక రాత్రి దొంగలు ఆవులను తోలుకొనిపోగా, తల్లుల కొరకు అరచుచున్న దూడలను సైతము వారికే అప్పగింపుమని బసవన్న చెప్పెనని మరియొక కథ ప్రచారములో నున్నది. ఆస్తి పోయినదని ఆయన చింతింపలేదు. దూడ ఆకలి ఆయన చెవిని పడినది. ఆయన నంది యవతారమనుటకు ఈ కథ నాకు చాలును.

6. మా దాపటి యెద్దు

ఇచ్చట నా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. నా బాల్యమున మా తండ్రిగారికి డెల్టాలో కొద్ది పొలము, ఒక జత ఎద్దులు ఉండెడివి. ఒక వానకాలపు రాత్రి ఆయన మిల్లునుండి బండిపై తిరిగివచ్చుచు కునుకు తీసెను. కాలువగట్టుపై దాపటి యెద్దు ఉన్నట్టుండి ఆగిపోయినది. అదలించినను కదలలేదు. చెర్నాకోలతో రెండు దెబ్బలు వేసినను కదలలేదు. విసిగి దిగి చూడగా, నాలుగడుగుల ముందు తూము వద్ద గట్టు కోసుకొనిపోయి చీకటిలో నీరు పారుచున్నది. ఆ రాత్రి ఎద్దును ఎవ్వరును దారి యడుగలేదు. అది చెప్పినది, దానికి ప్రతిఫలముగా దెబ్బలు తినినది.

కొన్నేండ్లకు ఊరికి ట్రాక్టరు వచ్చెను. దాపటి యెద్దు ముసలిదయ్యెను. అక్కగారి పెండ్లి ఖర్చు మీద పడెను. మా తండ్రిగారు దానిని సంతలో అమ్మిరి. కొనినవాడు దానిని సేద్యమునకు కొనలేదని ఆయనకును తెలియును, మాకును తెలియును. త్రాడు చేతులు మారునపుడు అది మా తండ్రిగారి వెనుక నడువబోయినది. ఇంటికి పోవుచున్నామని తలచినది కాబోలు.

ఆ మహాశివరాత్రికి మేమందరము గుడికి పోయితిమి. నేను నంది చెవిలో నా పరీక్ష సంగతి చెప్పుకొంటిని. మా తండ్రిగారు మాత్రము నంది చెవి యొద్దకు పోలేదు. ఆ రాతి వీపుపై చేయి యుంచి కొంతసేపు నిలిచి తిరిగివచ్చిరి. ఆపై జీవించినన్నాళ్లు ఆయన నంది చెవిలో ఏ కోరికయు చెప్పుకొనలేదు. ఆయన నిందార్హుడని నేననను. బీదరైతు చేతిలో దారులు కొన్నియే. కాని దారి చూపిన జీవికి మన కుటుంబము చేసినదేమియను ప్రశ్న నన్ను నేటికిని విడువలేదు.

7. ఆచరణము

పూర్వము పెద్దల పేర శివాంకము వేసి ఆబోతును విడిచెడివారు. అది ఎవరి చేలో మేసినను కొట్టరాదనునది ఊరి కట్టుబాటు. నేడు అచ్చోసిన ఆబోతనునది తిట్టుగా మాత్రమే మిగిలినది. ఊరంతయు కలసి ఒక మూగజీవిని పోషించుకొను ఆ బుద్ధిని మనము మరల తెచ్చుకొనవలెను. ముసలి పశువును అమ్మక తప్పని ఇల్లు మన సమాజమున నుండినచో, ఇరుగుపొరుగు శరణులు గడ్డికి చేయి కలుపుట దాసోహమే. మఠములు ఈ పనికి పూనుకొనినచో మిక్కిలి మేలు.

దారి కొరకు గురువును, పెద్దలను అడుగుడు. అరచేతిలోని ఇష్టలింగము ముందు మనస్సు నిలిపి అడుగుడు. జీవులను అడుగకుడు, చూడుడు. ఎద్దు ఓర్పును, సాలెపురుగు శ్రమను, గట్టుపై ఆగిన కాళ్లను చూడుడు. దయయే ధర్మమునకు వేరని బసవన్న బోధించెను. నంది చెవిలో కోరిక చెప్పువాడు, ఆ కోరికతోపాటు, నేటినుండి ఫలానా జీవికి కీడు చేయనని ఒక మాట యిచ్చి రావలెను. అప్పుడే ఆ చెవి యొద్దకు పోవుటకు మనకు అర్హత.

కుటుంబముతో కూర్చుండి మననము చేయదగిన ప్రశ్నలు

1. బసవన్నకు ఎద్దు పేరేల కలిగెను? మీ యింట భృత్యాచారము ఏ పనిలో కనబడుచున్నది?
2. గంగిరెద్దు కళను గౌరవించుటకును, దాని తల యూపును నమ్మి నిర్ణయించుకొనుటకును భేదమేమి?
3. శ్రీకాళహస్తి కథలో పాము, ఏనుగు చేసిన పొరపాటు మన కుటుంబములలో ఏ రూపమున జరుగుచున్నది?
4. మీకు మేలు చేసిన ఒక మూగజీవిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దానికి మీరు చేసినదేమి?

శరణు శరణార్థి.