కంపెనీ వాటాలలో పొదుపు: తొలి పాఠము

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున, పహాడీ షరీఫ్ గుట్టకు చేరువలో, చెరువు ప్రక్కన వెలసిన పల్లె జల్‌పల్లి. 2008లో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైన పిదప ఈ చుట్టుప్రక్కల పొలములు అనేకము ఇండ్లస్థలములైనవి. భూమి నమ్మినవారి చేతికి రొక్కము వచ్చినది. ఆటో నడుపువారు, చిల్లర దుకాణదారులు, కూలిపనివారు సైతము నెలకింతయని మిగుల్చుకొనుచున్నారు. ఈ సొమ్మును కంపెనీ వాటాలలో పెట్టుడని నేడు ప్రతి చేతిఫోనును పిలుచుచున్నది. ఖాతా తెరచుట నిమిషముల పని. కాని తెరువకముందే రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనవలెను. సొమ్మును ఎవరి ద్వారా పంపవలెను? ఏ నిధిలో ఉంచవలెను? ఈ రెంటికిని సమాధానము మన హైదరాబాదులో జరిగిన రెండు సంఘటనలే చెప్పుచున్నవి.

వాటా యనగానేమి?

వాటా యనగా కంపెనీ యాజమాన్యములో చిన్న భాగము. బ్యాంకు డిపాజిటుకువలె దీనికి నిశ్చితమైన వడ్డీ లేదు. కంపెనీకి లాభము వచ్చిన వాటాదారుకు లాభము. నష్టము వచ్చిన నష్టము. 2020 జనవరిలో 12,400 దాటిన నిఫ్టీ సూచీ, కరోనా భయముచే మార్చి 24న 7,511 వరకు పడిపోయెను. ఆ సంవత్సరాంతమునకే 13,900 దాటెను. మార్చిలో అవసరము పడి అమ్ముకొన్నవారు నష్టపోయిరి, వేచియుండగలిగినవారు తేరుకొనిరి. కావున విత్తనములకు, బిడ్డ పెండ్లికి, వైద్యమునకు కావలసిన సొమ్ము వాటాలలో పెట్టరాదు. అధిక వడ్డీ అప్పులున్న ముందుగా వానిని తీర్చవలెను. కనీసము అయిదారేండ్లు ముట్టుకొననక్కరలేని సొమ్మే దీనికి తగినది.

ఒకే కంపెనీని నమ్మరాదు

సత్యం కంప్యూటర్స్ హైదరాబాదులో పుట్టి, ప్రపంచ ఖ్యాతి గడించిన సంస్థ. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన వేల కోట్ల రూపాయల నిలువ నిజముగా లేదని లేఖ ద్వారా ఒప్పుకొనెను. ముందురోజు 179 రూపాయలున్న వాటా ధర ఆ ఒక్క దినముననే సుమారు 40 రూపాయలకు పడిపోయెను. తమ పొదుపునంతయు ఆ వాటాలో ఉంచినవారి గతి యేమి? అదే సమయమున నిఫ్టీ సూచీ ననుసరించు నిధిలో ఉన్నవారికి సత్యం 50 కంపెనీలలో ఒకటి మాత్రమే. ఆ నెలలోనే సూచీనుండి దానిని తొలగించి వేరొక కంపెనీని చేర్చిరి. ఒక్క పైరునే నమ్మి పొలమంతయు వేయని రైతునకు ఈ నీతి క్రొత్తది కాదు.

కావున క్రొత్తగా ప్రారంభించువారికి పెక్కు కంపెనీల వాటాలను కలిపి కొను మ్యూచువల్ ఫండే మేలు. అందును సూచీ ననుసరించు ఇండెక్స్ ఫండు సుబోధకము, ఖర్చు స్వల్పము. వడ్డీ సొమ్ము తమ ధర్మమునకు విరుద్ధమని తలచువారికి షరియా నియమములకు లోబడిన కంపెనీలలోనే పెట్టుబడి పెట్టు నిధులు కలవు. నిఫ్టీ 50 షరియా సూచీయును కలదు.

చిన్న శాతమే పెద్ద మొత్తము

ప్రతి నిధియు నిర్వహణ ఖర్చు క్రింద ఏటా కొంత శాతము తీసికొనును. 2013 జనవరినుండి ప్రతి నిధికిని ‘డైరెక్ట్’ పద్ధతి యున్నది. ఇందు మధ్యవర్తి కమీషను ఉండదు. ‘రెగ్యులర్’ పద్ధతిలో ఉండును. నెలకు 1,000 రూపాయల చొప్పున 20 ఏండ్లు కట్టినచో కట్టిన మొత్తము 2,40,000. ఏటా 10 శాతము వృద్ధి యనుకొన్న అది సుమారు 7,59,000 అగును. 9 శాతమైన 6,68,000 మాత్రమే. వృద్ధి ఇంతయని ఎవరును హామీ ఈయలేరు. కాని ఒక్క శాతము తేడాకు 91,000 రూపాయలు పోవునని ఈ లెక్క తెలుపుచున్నది. సలహా కావలసినవారు కమీషను చెల్లించుట తప్పు కాదు. తెలియక చెల్లించుటయే తప్పు.

అడతీదారు వేరు, గిడ్డంగి వేరు

మార్కెట్ యార్డులో అడతీదారు సరకు అమ్మిపెట్టును. సరకు నిలువయుండునది గిడ్డంగిలో. వాటాల విషయమునను ఇంతే. బ్రోకరు, అతని ఫోను యాప్ కొనుగోలుకు దారి మాత్రమే. వాటాలు మీ పేరిట ఎన్.ఎస్.డి.ఎల్. లేక సి.డి.ఎస్.ఎల్. అను డిపాజిటరీలో, డీమ్యాట్ ఖాతాలో ఉండును.

హైదరాబాదు కేంద్రముగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఈ తేడాను అతిక్రమించెను. ఖాతాదారులిచ్చిన అధికారపత్రములను ఆసరా చేసికొని వారి వాటాలను తన ఖాతాకు మార్చి, కుదువబెట్టి ఋణములు తెచ్చెను. 2019 నవంబరు 22న సెబీ దానిని క్రొత్త ఖాతాలు తెరువరాదని నిషేధించెను. డిసెంబరు మొదటివారములో 82 వేలమందికి పైగా ఖాతాదారుల వాటాలు తిరిగి వారి ఖాతాలకు చేరినవి. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి కార్వీని సభ్యత్వమునుండి తొలగించెను. అటుపిమ్మట నియమములు కట్టుదిట్టమైనవి: 2020 సెప్టెంబరునుండి తాకట్టు పెట్టిన వాటాలును ఖాతాదారు పేరిటనే ఉండవలెను.

పేరును, ప్రకటనను చూచి నమ్మరాదని దీని సారాంశము. ఈ క్రింది విషయములు గమనింపుడు:

1. బ్రోకరు సెబీ రిజిస్ట్రేషను సంఖ్యను సెబీ వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను.

2. ఖాతా తెరచు రుసుము, వార్షిక రుసుము, బ్రోకరేజి ముందే అడుగవలెను. 2024 సెప్టెంబరునుండి ‘బేసిక్ సర్వీసెస్’ డీమ్యాట్ ఖాతాలో నిలువ 4 లక్షల రూపాయలు మించనిచో వార్షిక రుసుము లేదు.

3. డిపాజిటరీ పంపు ఖాతా వివరపత్రమును నెలనెల చదువవలెను. యాప్ చూపు లెక్క దానితో సరిపోవలెను.

4. ఓ.టి.పి. ఎవరికిని చెప్పరాదు. వ్యక్తుల సొంత ఖాతాలకు సొమ్ము పంపరాదు. వాట్సాప్, టెలిగ్రామ్ బృందములలో నిశ్చిత లాభము చూపువారు మోసగాండ్రని యెరుగవలెను.

5. ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి పోరాదు. 2022నుండి 2024వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో అందు వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ 2024లో వెల్లడించెను.

6. నామినీ పేరు తప్పక వ్రాయింపవలెను. ఖాతా సంగతి ఇంటివారికి తెలుపవలెను.

మ్యూచువల్ ఫండును నిధి సంస్థవద్ద నేరుగా కొనుటకును వీలున్నది. యాప్ మూతపడినను యూనిట్లు నిధి సంస్థ రిజిస్ట్రారు లెక్కలలో మీ పేరిటనే ఉండును. అన్యాయము జరిగినచో సెబీ ‘స్కోర్స్’ విభాగమునకు ఫిర్యాదు చేయవచ్చును.

తూకము తానే చూచుకొను రైతును దళారి మోసగింపజాలడు. కష్టార్జితమును వాటాలలో పెట్టువారును ఈ అలవాటును విడువరాదు. స్వల్ప మొత్తముతో ప్రారంభింపుడు, తెలియనిది అడుగుడు, ప్రతి నెలయు మీ లెక్కను మీరే చూచుకొనుడు.