చివరి ఊరికి కూడా గొంతు మిగలాలి



మీ విచారణలో గాని, కళాశాలలో గాని అబ్బాయిల గాయక బృందం ఉందా? పండుగ రోజుల్లో వారు బస్సు మాట్లాడుకొని ఊరూరా పాడి వస్తుంటారా? అయితే ఈ వారం పాఠం మీ కోసమే.

ఒక బృందం చోడవరంలో బయలుదేరి వడ్డాది, మాడుగులలో పాడి, ఘాట్ రోడ్డెక్కి పాడేరు చేరాలనుకోండి. మొదటి రోజు చోడవరంలో గొంతులు గుడి గంటల్లా మోగుతాయి. మూడో రోజుకు పాడేరులో సగం మందికి గొంతు పెగలదు. ఎప్పుడో ఒకసారి ఇలాంటి పాట వినే కొండ ప్రాంతం వారికి దక్కేది ఆ మిగులు మాత్రమే. ఇది న్యాయమేనా?

ఈ సమస్య పాతదే. బానిసత్వం నుండి విడుదలైన నల్లజాతి వారి చదువు కోసం అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 1866లో ఫిస్క్ విద్యాలయం ఆరంభమైంది. అది అప్పుల్లో కూరుకుపోగా, కోశాధికారి, సంగీతోపాధ్యాయుడు అయిన జార్జ్ వైట్ 1871 అక్టోబరు 6న తొమ్మిది మంది యువతీ యువకులతో పాటల యాత్రకు బయలుదేరారు. లేవీయకాండము 25వ అధ్యాయంలోని విడుదల సంవత్సరాన్ని తలచుకొని వారికి 'జూబిలీ గాయకులు' అని పేరు పెట్టారు. ఎన్నో హోటళ్లు వారికి గది ఇవ్వలేదు. అయినా 1873లో ఇంగ్లాండులో విక్టోరియా రాణి ఎదుట పాడారు. వారి సంపాదనతో కట్టిన జూబిలీ హాలు 1876లో ప్రారంభమైంది. కాని ఎడతెగని యాత్రలకు అలసి 1878లో ఆ బృందం చెదిరిపోయింది. విద్యాలయం నిలిచింది, పాడినవారి ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి.

మన సభకు చెందిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలోని నోటర్ డేమ్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో పురుషుల గాయక బృందం 1915లో మొదలైంది. సెలవుల్లో ఆ విద్యార్థులు బస్సులో ఊరూరా తిరిగి పాడి, రాత్రికి ఆతిథ్యం ఇచ్చే ఇళ్లలో బస చేయడం అక్కడి ఆనవాయితీ. మన పిల్లల యాత్ర కూడా ఇంచుమించు ఇలాంటిదే గదా!

గొంతులో జరిగేదేమిటి?

మగవారు మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు వందసార్లు తాకుతాయి. గంటసేపు ఆగకుండా మాట్లాడితే మూడున్నర లక్షలసార్లన్నమాట! చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లో దీనిని వివరించాడు. బస్సు ఇంజను మోత మీదుగా జోకులు, అంత్యాక్షరి సాగితే, వేదిక ఎక్కకముందే సగం కచేరీ అయిపోయినట్లే.

పాటించవలసినవి

1. బస్సులో పాడకండి, అరవకండి. గుసగుసలు కూడా గొంతుకు విశ్రాంతి కావు. పాట పుస్తకం తెరిచి మాటలను మనసులో వల్లె వేసుకోండి.

2. తాగిన నీరు స్వరతంత్రులను నేరుగా తాకదు, అన్నవాహికలోకి పోతుంది. ఒళ్లంతటితో పాటు వాటికీ తడి అందడానికి సమయం పడుతుంది. కనుక వేదిక దగ్గర గడగడ తాగడం కాదు, ఉదయం నుండే కొంచెం కొంచెంగా తాగండి. మిరియాల పాలు హాయినిస్తాయి గాని, బొంగురు గొంతుకు అసలు మందు మౌనమే.

3. పురుషుల బృందంలో సాధారణంగా నాలుగు స్వరాలు: మొదటి టెనర్, రెండవ టెనర్, బారిటోన్, బాస్. అందరికన్నా పైస్థాయిలో పాడే మొదటి టెనర్లే ముందు అలసిపోతారు. వారికి బరువైన పాటలు వరుసగా పెట్టకండి.

4. పల్లవిని ప్రజలకు ఇవ్వండి, చరణాలు బృందం పాడాలి. గాయక బృందాలను పెంపొందించాలనీ, విశ్వాసులందరూ పాటలో పాలుపంచుకోవాలనీ రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. ఊరివారు పాడితే వారికి ఆనందం, మీ గొంతుకు విరామం.

5. ఆతిథ్యం ఇచ్చిన ఇంట్లో ఆప్యాయంగా నాలుగు మాటలు మాట్లాడి, త్వరగా సెలవు తీసుకొని పడుకోండి. "రేపు పై ఊళ్లో పాడాలమ్మా" అంటే ఏ తల్లీ నొచ్చుకోదు.

6. దూరపు ఊరిని చివర పెట్టకండి. ముందే పాడేరు చేరి, ఆ రాత్రి విశ్రమించి, మరునాడు తాజా గొంతుతో అక్కడే మొదటి కచేరీ చేయండి. తరువాత మాడుగుల, వడ్డాది మీదుగా దిగి రండి. చోడవరం వారు మీ పాట ఎప్పుడైనా వినగలరు.

ఈ వారం ఆలోచించండి

మీ బృందం గత యాత్రలో చివరి కచేరీ ఏ ఊళ్లో చేసింది? ఆ ఊరివారు విన్నది మీ పాటనా, మీ అలసటనా? తదుపరి యాత్రకు ఊళ్ల వరుస రాసుకొనేటప్పుడు ఆ ఊరి పేరు మొదట రాయండి.