మిరప: మందు కొనేముందు పంపు చూడండి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు మన ఖమ్మం జిల్లా మీద కుండపోతగా కురిసింది. ఆ తర్వాత చాలా రోజులు నేలకొండపల్లి చుట్టుపక్కల మిరప తోటల్లో డ్రిప్పు మోటారు వేయాల్సిన పని పడలేదు. చిక్కంతా అక్కడే మొదలైంది. వానకు ముందు కలిపి సగం వదిలిన ఎరువు నీళ్లు డ్రమ్ముల్లో అలాగే ఉండిపోయాయి. డ్రిప్పులోకి ఎరువు పంపే చిన్న పంపు తలలో, పీల్చే గొట్టంలో మిగిలినది ఆరి గట్టిపడింది. ఇప్పుడు పదును తగ్గి మళ్లీ డ్రిప్పు తిప్పుతుంటే పంపు ఆడుతోంది గానీ ఎరువు పోవడం లేదు. తోట పచ్చదనం తప్పుతోంది. అది చూసి రైతు పురుగనుకుని మందుల దుకాణానికి పోతున్నాడు.

మొన్న ఒక తోటకు వెళ్లాను. రెండెకరాల మిరప, మల్చింగ్ షీటు, ఆకు లేత పసుపు. గట్టు మీద నాలుగు కొత్త సీసాలున్నాయి. ఒకటి ముడతకు, ఒకటి పూత నిలవడానికి, ఒకటి వేరుకు. నాలుగోదాని మీద ఏ రసాయనం ఉందో రాసే లేదు. "పంపు లాగట్లేదు సార్, పాడైంది, కొత్తది పెట్టమన్నారు" అన్నాడాయన. పీల్చే వైపు వాల్వు విప్పి చూస్తే లోపలి గుండు చుట్టూ సున్నం ముద్దలా తెల్లటి పొర. గోటితో గీకితే పెచ్చులుగా రాలింది. కాల్షియం నైట్రేటు, మెగ్నీషియం సల్ఫేటు రెండూ ఒకే డ్రమ్ములో కలిపారు. అవి కలిస్తే జిప్సం పుడుతుంది, అది కరగదు. గుండును, అది కూర్చునే గాడిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, బాణం గుర్తు పైకి ఉండేలా బిగించాం. పంపు లాగింది. పైసా ఖర్చు కాలేదు.

పంపు ఆడుతూ డ్రమ్ములో మట్టం దిగడం లేదంటే ముందు పీల్చే గొట్టం చూడండి. పారదర్శకంగా ఉండే గొట్టంలో బుడగలు కనిపిస్తే గాలి చొరబడుతోందని అర్థం. ఎండకు పగిలిన కొసను రెండంగుళాలు కోసేసి మళ్లీ ఎక్కించండి, వాషరు మార్చండి, నట్టు చేత్తో బిగించండి. గొట్టం కొసన ఉండే జాలీ డ్రమ్ము అడుగుకు తగలకూడదు, నాలుగు వేళ్ల ఎత్తున వేలాడాలి. గాలి పట్టేసి ఉంటే తల మీది గాలి మర కొంచెం వదిలి, ద్రావణం కారగానే మూసేయండి. తల కింద చిన్న రంధ్రం నుంచి ఎరువు నీళ్లు చుక్కలుగా పడుతుంటే లోపలి డయాఫ్రం పొర చిరిగినట్టే. ఆ ఒక్కటీ మార్చుకుంటే చాలు. దానికోసం పంపే మార్చమనే మాట నమ్మకండి.

పంపు బదులు నీటి ప్రెషరుతోనే ఎరువు పీల్చే వెంచురి పెట్టుకున్నవారికి విప్పే భాగాలు పెద్దగా లేవు. దానికి కావలసింది ముందూ వెనకా ప్రెషరు తేడా. పాలేరు, సాగర్ కాలువ నీళ్లు వాడేచోట తుపాను బురదకు ఫిల్టర్లు మూసుకున్నాయి. ఫిల్టరుకు ముందూ వెనకా గేజీల తేడా అర కిలో దాటితే వెంటనే కడగండి. ఫిల్టరు శుభ్రంగా ఉండీ లాగకపోతే పక్కనున్న గేటు వాల్వు కొద్దికొద్దిగా మూస్తూ చూడండి.

లాగుతోంది కదా అని వదిలేయొద్దు, ఎంత లాగుతోందో కొలవాలి. రెండెకరాలకు 6 కిలోల ఎరువు 200 లీటర్లలో కలిపి 40 నిమిషాల్లో పంపాలనుకుంటే నిమిషానికి 5 లీటర్లు పోవాలి. డ్రిప్పు పూర్తి ప్రెషరు మీద నడుస్తుండగా పీల్చే గొట్టాన్ని గీతలున్న బకెట్టు నీళ్లలో పెట్టి రెండు నిమిషాలు చూడండి. 10 లీటర్లు దిగాలి. 6 లీటర్లే దిగితే ఆ 40 నిమిషాల్లో మీ 6 కిలోల్లో చేనికి చేరేది 3 కిలోల 600 గ్రాములే. బయట ఖాళీగా పంపు ఆడించి కొలిచిన లెక్క పనికిరాదు.

ఎక్కువ లాగినా నష్టమే. మోటారు ఆగాక కూడా డ్రమ్ములో మట్టం దిగుతుంటే ద్రావణం దానంతటదే జారిపోతోంది. అది వెనక్కి నడిచి బావిలోకో బోరులోకో దిగితే ఆ నీళ్లు తాగే ఇంటికే ముప్పు. నాన్ రిటర్న్ వాల్వు లేని డ్రిప్పుకు ఎరువు పంపకండి. ఇక ఎరువు మోతాదు మించి నత్రజని ఎక్కువైన చోట లేత చిగురు వస్తుంది, తామర పురుగు అక్కడే చేరుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు మన జిల్లా మిరపను ఎలా ఊడ్చేసిందో ఎవరూ మరిచిపోలేదు. ఆ ఏడాది రోజు మార్చి రోజు మందు కొట్టినవారికీ పంట మిగల్లేదు, అప్పు మాత్రం మిగిలింది. పూలు దులిపి అరచేతిలో చూడండి. పురుగు కనిపిస్తే నీలి రంగు జిగురు అట్టలు, వేపనూనెతో మొదలుపెట్టండి. సింథటిక్ పైరెత్రాయిడ్లు కొడితే మిత్ర పురుగులు చచ్చి తామర పెరుగుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా దుకాణం నుంచి అవే సీసాలు వస్తున్నాయి. మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలపడం ఇకనైనా ఆపండి. లేబుల్ మీద డ్రిప్పు ద్వారా అని రాసి లేని ఏ మందునూ పంపులో పోయకండి.

డీఏపీ, ఎర్ర పొటాష్ డ్రమ్ములో వేయొద్దు, వాటి మడ్డే వాల్వులో కూర్చుంటుంది. ముందు పది నిమిషాలు మంచినీళ్లు, తర్వాత ఎరువు, చివర పావుగంట మళ్లీ మంచినీళ్లు. పని అయ్యాక పంపుతో ఒక బకెట్టు మంచినీళ్లు పీల్పించండి. డ్రిప్పర్లకు యాసిడ్ పెట్టేవారు నీళ్లలోనే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. బ్లీచింగుతో ఎన్నడూ కలపొద్దు.

చర్ల, దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున డ్రిప్పు లేని మిరపకు నీరు నిలవకుండా కాలువలు తీయండి, యూరియా తగ్గించండి.

పంపు విప్పడానికి జంకేవారు తల భాగం ఒక్కటి ఊడదీసి, కడిగి, సంచిలో వేసుకుని మంగళవారం రైతునేస్తం కార్యక్రమం జరిగే రోజున రైతు వేదికకు తీసుకురండి. పక్కన కూర్చుని విప్పి చూపిస్తాను. అప్పటిదాకా కొత్త పంపు కొనకండి, కొత్త సీసా కూడా కొనకండి.