మసీదు గుమ్మం దగ్గర భయమెందుకు? సందేహాలు – సమాధానాలు

మాది పలమనేరు. మావారికి రాయవేలూరు (వేలూరు) సీఎంసీ ఆసుపత్రిలో వైద్యం జరుగుతోంది. మేం దిగిన లాడ్జి వీధి చివర పాత మసీదు ఉంది. ఒక్కసారి లోపలికెళ్లి దణ్ణం పెట్టుకోవాలని ఉంది కానీ మేం హిందువులం. ఎవరైనా కసురుకుంటారేమోనని గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేశాను.
– ఒక గృహిణి

ముందు మనసు కుదుటపరచుకోండమ్మా, మీరు కోరుకున్నదాంట్లో తప్పేమీ లేదు. వైద్యం కోసం తెలుగువాళ్లు, బెంగాలీలు రోజూ వచ్చిపోయే ఊరది. కొత్తముఖం కనబడితే అక్కడివాళ్లు ఉలిక్కిపడరు. నమాజు లేని వేళ, ఉదయం పది దాటాక వెళ్లి, చెప్పులు బయట విడిచి, కొంగు తలమీదకి లాక్కుని, అజా (నమాజు పిలుపు) ఇచ్చే మౌజన్ గారిని అడగండి. చాలా మసీదుల్లో లోపలి హాల్లో ఆడవాళ్లకు చోటుండదు కాబట్టి వసారాలోనే నిలబడమనవచ్చు. అది మీరు హిందువులని కాదు, తమ ఇంటి ఆడవాళ్లకూ వాళ్లు అదే చెబుతారు.

వేలూరు కోటలో గుడిలో పూజలు జరుగుతున్నాయి, చర్చి ఉంది, మసీదు మాత్రం మూసి ఉంది. ఏదో గొడవ జరిగి ఉంటుందని మా అబ్బాయి బెదిరిపోయాడు. పిల్లలతో వెళ్లడం క్షేమమేనా?
– చిత్తూరు పాఠకుడు

నిక్షేపంగా వెళ్లండి. ఆ తలుపులు నిన్నమొన్నటి గొడవ వల్ల మూసినవి కావు. కోట మొత్తం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ఆర్కాటు నవాబుల కాలం నాటి ఆ మసీదును స్మారక కట్టడంగానే చూస్తారు, అందులో నమాజు జరగదు. తెరవమని అడిగేవాళ్లు లేకపోలేదు, అది అర్జీలతో నడిచే వ్యవహారం. ఆ మాటకొస్తే పక్కనున్న జలకంఠేశ్వరుడి గుడిలోనూ తరాల తరబడి మూలవిరాట్టు లేడు. 1981లో లింగాన్ని మళ్లీ ప్రతిష్ఠించాకే పూజలు మొదలయ్యాయి. చర్చి 1846 నాటిది. ఆ కోటలో నిజంగా నెత్తురు పారింది 1806 జూలై 10న. నుదుటి బొట్టు చెరపమని, గడ్డం తీయమని, కొత్తరకం తలపాగా పెట్టమని తెల్లదొరలు హుకుం జారీ చేస్తే హిందూ, ముస్లిం సిపాయిలు కలిసి తిరగబడ్డారు. అబ్బాయికి ఆ కథ చెప్పండి. మీరు జాగ్రత్తపడాల్సింది కోట చుట్టూ ఉన్న కందకం దగ్గర, అక్కడ మాత్రం వాడి చెయ్యి వదలకండి.

స్నేహితురాలి అక్క నిఖాకని వేలూరు దగ్గరి గుడియాత్తం వెళ్లి మసీదు ఆవరణలో కూర్చున్నాను. నాకు నెలసరి మొదలైందని ఇంటికొచ్చాక తెలిసింది. అప్పటినుంచి కంటిమీద కునుకు లేదు. ఏదైనా కీడు జరుగుతుందా?
– డిగ్రీ విద్యార్థిని

ఏ కీడూ జరగదు, ఈ రాత్రి హాయిగా పడుకోండి. ఇస్లాంలో నెలసరి పాపం కాదు. ఆ రోజుల్లో నమాజు నుంచి మినహాయింపు ఉంది, తప్పిన నమాజును తర్వాత తీర్చుకోనక్కర్లేదు కూడా. నమాజు చేసే లోపలి హాలుకు దూరంగా ఉండమంటారు చాలామంది పెద్దలు, మీరు కూర్చున్నది బయటి ఆవరణలో, అదీ తెలియక. రక్తస్రావం వారం దాటినా, విపరీతంగా ఉన్నా డాక్టరుకు చూపించుకోవాలి. భయపడాలంటే దానికి భయపడండి, దీనికి కాదు.

గుడియాత్తంలో కొత్తగా కాపురం పెట్టాం. మొన్న అర్ధరాత్రి దాటాక మసీదు మైకు మోగితే గుండె దడదడలాడింది. ఎదురింటి పెద్దాయన పోయారని తెల్లారాక తెలిసింది. ఏం చెయ్యాలో తెలియక తలుపు వేసుక్కూర్చున్నాం. వెళ్లాల్సిందా?
– ఒక ఉద్యోగి

వేళకాని వేళ మైకు మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అజా రోజుకు ఐదుసార్లే: తెల్లవారక ముందు, మధ్యాహ్నం, సాయంత్రం, పొద్దు గుంకగానే, రాత్రి. మిగతా వేళల్లో వినబడేది సాధారణంగా చావు కబురో, తప్పిపోయిన పిల్లాడి కబురో. మసీదంటే అక్కడ నమాజు చోటు ఒక్కటే కాదు. నిఖా పుస్తకం, శవాన్ని మోసే సందూకు, ఖబరస్తాన్‌లో గొయ్యి, పేదింటి ఖర్చు అన్నీ జమాతు పెద్దల చేతిమీదుగానే నడుస్తాయి.

ఇప్పటికైనా వెళ్లి పలకరించండి, ఆలస్యమైందని ఎవరూ తప్పుపట్టరు. మరోసారి ఇలాంటి కబురు వింటే మాత్రం త్వరగా కదలండి, ఖననం సాధ్యమైనంత తొందరగా చేసేస్తారు. దండలు, కర్పూరం అక్కర్లేదు. చివరి ప్రార్థన (జనాజా నమాజు) నిలబడే చేస్తారు, వంగడం, సాగిలపడడం ఉండవు. మీరు వెనక మౌనంగా నిలబడితే చాలు. సందూకుకు భుజం పడతానంటే కాదనేవాళ్లు అరుదు. మీ ఆవిడ ఇంటి ఆడవాళ్ల దగ్గర కూర్చోవచ్చు.

రంజాన్ నెలలో వేలూరులో మసీదు దగ్గర కంజి పోస్తుంటే గిన్నెడు తాగాను. నేను శాకాహారిని, పైగా ఉపవాసం లేను. తప్పు చేశానా?
– తిరుపతి పాఠకుడు

తప్పేమీ లేదు. ఆ నోన్బు (ఉపవాసం) కంజిని ఉపవాసం లేనివాళ్లకూ, ఏ మతం వాళ్లకైనా పోస్తారు. దానికి కావలసిన బియ్యం మసీదులకు తమిళనాడు ప్రభుత్వమే ఇస్తుంది. నూకలు, పెసరపప్పు, మెంతులు, అల్లం వెల్లుల్లి, పుదీనాతో జారుగా కాస్తారు. కొన్నిచోట్ల కైమా వేస్తారు, కొన్నిచోట్ల వెయ్యరు. ఈసారి గిన్నె పట్టేముందు "కైమా ఉందా?" అని అడగండి, ఎవరూ నొచ్చుకోరు.

రెండు నెలల మనవడికి రాత్రి ఒళ్లు వెచ్చబడుతోంది. దిష్టి అంటున్నారు. మసీదులో ఊదించిన నీళ్లు పట్టించమంటున్నారు. మంచిదేనా?
– ఒక అమ్మమ్మ

మీ ఆదుర్దా అర్థమైంది. సాయంత్రం నమాజు వదిలే వేళకు పిల్లల్ని చంకనెత్తుకుని, నీళ్ల సీసా పట్టుకుని మసీదు మెట్ల దగ్గర నిలబడే తల్లుల్లో అన్ని మతాలవాళ్లూ ఉంటారు, మీరూ నిలబడండి. డబ్బు ఇంతని నిలదీసి అడిగే మనిషి ఎదురైతే మాత్రం వెనక్కి వచ్చేయండి. ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ నీళ్లూ పట్టకూడదు. ఊదిన నీళ్లు నుదుటికి అద్దితే చాలు, తాయెత్తు మెడకు కట్టకండి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు తాకినా, పాలు తాగకపోయినా, మగతగా పడివున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.