తొట్టిలో నీళ్లు

పిల్లలూ! రోనాల్డ్ రాస్ అనే యువ వైద్యుడు 1883లో బెంగుళూరులో సైనికుల వైద్యుడుగా పనిచేసేవారు. ఆయన బసలో దోమల బాధ ఎక్కువ. కిటికీ దగ్గర ఉన్న తొట్టిలోకి చూస్తే, నీళ్లలో దోమపిల్లలు కదులుతూ కనిపించాయి. ఆయన తొట్టిని బోర్లించారు. దోమలు తగ్గిపోయాయి.

ఆ రోజుల్లో చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకొనేవారు. ‘మలేరియా’ అనే ఇటలీ మాటకు అర్థం కూడా చెడుగాలే. తరువాత రాస్ సికింద్రాబాదులో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించారు. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మనల్ని కుట్టేవి ఆడదోమలే. గుడ్లు పెట్టడానికి వాటికి రక్తం కావాలి. మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ దోమ చీకటి పడ్డాక కుడుతుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలును వ్యాపింపజేస్తుంది. తెల్లచారల ఏడిస్ దోమ పగటిపూట కుట్టి డెంగీ, చికున్‌గున్యా జ్వరాలను తెస్తుంది. దీనికి మురుగు అక్కరలేదు. మన ఇంటి మంచినీళ్లే చాలు.

కుళాయి రోజూ రాని ఊళ్లలో నీళ్లు నిలవ చేయక తప్పదు. నిలవ చేయడం తప్పు కాదు. మూత పెట్టకపోవడం తప్పు. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం పదిరోజులు పడుతుంది. అందుచేత వారానికొకసారి తొట్లను ఖాళీ చేయాలి. నీళ్లు పారబోస్తే చాలునా? చాలదు. ఏడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. కాబట్టి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. కొబ్బరిచిప్పలు, పాత టైర్లలో నీరు నిలవకుండా చూడాలి.

ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోవాలి. రాత్రి దోమతెరలో పడుకోవాలి. పగలు నిద్రపోయే పసిపిల్లలకూ దోమతెర కట్టాలి.

జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి. డెంగీలో ఆస్పిరిన్ వంటి మాత్రలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. వైద్యుని అడగకుండా మాత్రలు మింగరాదు. జ్వరం తగ్గినా తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లాలి. ఆ ఆలస్యమే ప్రాణం తీయవచ్చు.

రాస్ తొట్టిని బోర్లించడానికి పెద్ద చదువు అవసరం కాలేదు. ఈ సాయంత్రం మీ ఇంటి తొట్టిలోకి మీరూ ఒకసారి తొంగిచూడండి.

ప్రశ్నలు
1. ‘మలేరియా’ అనే మాటకు అర్థమేమి?
2. తొట్టి గోడలను ఎందుకు రుద్ది కడగాలి?
3. మీ వీధిలో నీరు నిలిచే చోట్లను గుర్తించి, పట్టిక రాయండి.