కరగవలసిన తీగ, కరగకూడని తీగ

మంచుగడ్డ 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీరగును. ఘనపదార్థము ద్రవముగా మారు ఈ ఉష్ణోగ్రతను ద్రవీభవన స్థానమందురు. ప్రతి శుద్ధ పదార్థమునకును తనదైన ద్రవీభవన స్థానము కలదు. తగరము 232 డిగ్రీల వద్ద, సీసము 327, అల్యూమినియము 660, వెండి 962, బంగారము 1,064, రాగి 1,085, ఇనుము 1,538 డిగ్రీల వద్ద కరగును. పాదరసము సున్నకు దిగువ 39 డిగ్రీల చలిలో గాని గడ్డకట్టదు.

పొటాషియము సంగతి విచిత్రమైనది. ఈ లోహము 63.5 డిగ్రీలకే కరగును. నీరు తగిలినంతనే మండును గనుక దీనిని కిరోసిన్ వంటి నూనెలో ముంచి భద్రపరచెదరు. 1807లో హంఫ్రీ డేవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విద్యుత్తు సాయమున దీనిని మొదటిసారి వేరుచేసెను. రైతులు పొలమున చల్లు పొటాషు ఎరువులో నున్నది ఈ లోహము కాదు. క్లోరినుతో కలసి యేర్పడిన పొటాషియం క్లోరైడు. అది 770 డిగ్రీలకు గాని ద్రవము కాదు. నీటిలో మాత్రము సులువుగ కలసిపోవును. వేడికి కరగుట వేరు, నీటిలో కరగుట వేరు అని గుర్తింపవలెను. మనము వాడు ఉప్పును ఇట్టిదే. దాని ద్రవీభవన స్థానము 801 డిగ్రీలు.

రెండు పదార్థములను కలిపినప్పుడు ద్రవీభవన స్థానము తగ్గుటయు కలదు. నూటికి 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము చేర్చిన మిశ్రమము 183 డిగ్రీలకే కరగును. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో నుంచి కర్బనము చేర్చి పేరెన్నికగన్న ఉక్కును చేసిరి. కర్బనము చేరిన ఇనుము శుద్ధమైన ఇనుముకంటె తక్కువ వేడికే కరగుట వారి పనికి తోడ్పడెను.

ఈ జ్ఞానము విద్యుత్తు విషయమున మిక్కిలి ఉపయోగకరము. హైదరాబాదున బోరబండ దాపున గల జూబిలీహిల్స్, ఫిలింనగరు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. చిత్రీకరణకు వాడు పెద్ద దీపములలో టంగ్‌స్టన్ తీగ గలది యొక రకము. ఆ తీగ సుమారు 2,900 డిగ్రీల వేడితో వెలుగును, అయినను కరగదు. టంగ్‌స్టన్ ద్రవీభవన స్థానము 3,422 డిగ్రీలగుటయే దానికి కారణము.

ఫ్యూజు తీగ పని దీనికి విరుద్ధము. అది కరగుటకే యున్నది. తగరము, సీసముల మిశ్రమముతో గాని, కళాయి పూసిన సన్నని రాగితో గాని దానిని చేయుదురు. విద్యుత్ప్రవాహము హద్దు మీరినచో తీగ కరగి తెగును, మోటారు దక్కును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావైన రాగి తీగను బిగించినచో అది తెగదు. దానికి మారుగ మోటారు కాలును, పెట్టె అంటుకొనును, తాకినవారి ప్రాణమునకే ముప్పు కలుగును.

కావున పంచాయతీ సభ్యులు తమ గ్రామమందలి మంచినీటి మోటారు, వీధిదీపముల పెట్టెలను లైన్‌మన్‌చే తనిఖీ చేయింపవలెను. తగిన కొలత గల ఫ్యూజు తీగను ముందుగనే కొని యుంచవలెను. ఫ్యూజు పదేపదే పోయినచో తప్పు తీగది కాదు. మోటారులోనో, లైనులోనో లోపము కలదని గ్రహించి దానిని సరిచేయింపవలెను. శిక్షణ లేనివారిని పెట్టె తెరువనీయరాదు.